బడి మూసిన 17 నెలలు – మా ఇండ్లల్ల పిల్లల చదువు
(వార్షిక మహాసభలో ఒక గ్రూపు తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మైకు ముందట మనం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి కిస్తులు ఎంత కట్టినం అని చెప్పుకుంటం. ఆ లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్ల ఉన్నయి. ఈసారి మమ్మల్ని పిల్లల గురించి చెప్పమన్నరు. మేము టీచర్లం కాము. మా గ్రూపులో పన్నెండు మందిమి ఉంటే పదో తరగతి చదివినోళ్ళం ఇద్దరమే. నలుగురు గ్రూపులో చేరినంకనే సంతకం నేర్చినోళ్ళు. అందుకే మేము చేసిందాంట్ల మంచి ఉంది, తప్పులూ ఉన్నయి. రెండూ చెప్తం.

2020 మార్చి నడిమిట్ల బడులు మూసిండ్రు. పదిహేను రోజులే అనుకున్నం. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. మొదటి రెండు నెలలు చదువు ముచ్చట ఎవ్వరికీ యాదికి రాలేదు. కైకిలి లేదు, బజారుకు పోతే పోలీసులు. రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు వచ్చినయి. మాలో కొందరం మాస్కులు కుట్టినం, కొందరం వడ్ల కొనుగోలు సెంటర్ల పనిచేసినం. మేము సెంటర్ల ఉంటే పిల్లలు రోజంతా ఎక్కడ తిరిగేటోళ్ళో మాకే తెల్వదు.

తిండి సంగతి ముందు కనబడ్డది. బడిలో మధ్యాహ్నం బువ్వ, వారంలో మూడు గుడ్లు పెట్టేటోళ్ళు. అది బందయింది. అంగన్‌వాడీ నుంచి చిన్నదానికి బాలామృతం ఇంటికి వస్తే, మూడో తరగతి చదివే అన్న కూడా అందులకెళ్ళే తినేటోడు. తల్లి చూసీ చూడనట్టు ఉండేది. ఆమె ఈ ముచ్చట మీటింగుల చెప్పి ఏడ్చింది. ఆ వారం నుంచి మేము చేసింది చిన్న పనే. కోళ్ళు ఉన్నోళ్ళు గుడ్లు బయట అమ్మకుండ ముందు గ్రూపులో పిల్లలున్న ఇండ్లకు ఇయ్యాలె, పైసలు కిస్తుతో పాటు కట్టాలె. పెద్ద తీర్మానం ఏమీ కాదు, కానీ నడిచింది.

ఆ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి టీవీల పాఠాలు మొదలుపెట్టిండ్రు. యాదగిరి ఛానల్, టీ-శాట్. కానీ అవి మూడో తరగతి నుంచే. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు లేవు. వాళ్ళ గురించి ఎవరు అడగాలె? మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఉన్నా, టీవీ ముందట కూసోబెట్టే మనిషి ఇంట్ల ఉండాలె కదా. అప్పుడు పత్తి చేన్లల్ల కలుపు పని. మేము పొద్దుగాల పోతే పొద్దుమీకి వచ్చేటోళ్ళం. పాఠం అయిపోయేది, పిల్లగాడు చింతచెట్టు మీద ఉండేటోడు.

ఇక్కడ మా మొదటి తప్పు. ఫోన్ ఉంటే చదువు వస్తదనుకున్నం. ఇద్దరు సభ్యులకు స్మార్ట్‌ఫోన్ కొనుక్కోను అంతర్గత అప్పు ఇచ్చినం. నెల తిరిగేసరికి ఒక ఇంట్ల ఫోన్‌ల ఆటలే ఆటలు. పిల్లగాడు రాత్రి పన్నెండు దాకా దుప్పట్ల వెలుగు పెట్టుకొని ఉండేటోడు. తల్లి ఫోన్ గుంజుకుంటే బువ్వ తినలేదు. ఆ ఇల్లు ఎవరిదో దాచేదేముంది, లీడరు ఇల్లే. అప్పు ఇచ్చేటప్పుడు వడ్డీ ఎంత, కిస్తులెన్ని అని అడిగినం గాని ఈ ఫోన్ ఎవరి చేతిల ఉంటది, ఎంతసేపు ఉంటది అని అడగలేదు. తర్వాత ఫోన్ నాయనమ్మ కొంగుకు కట్టినట్టు చేసినం. పాఠం ఉన్నప్పుడే బయటికి వస్తది, మూడు ఇండ్ల పిల్లలు కలిసి చూస్తరు.

ఆ తర్వాత మీటింగులనే కొత్త పద్ధతి పెట్టినం. పొదుపు కట్టేముందు ప్రతి తల్లి చెప్పాలె: మీ బిడ్డ ఈ వారం ఏం చదివింది, ఏం రాసింది. మొదటిసారి ఒక అక్క కోపానికి వచ్చింది. “కిస్తు అడుగుండ్రి, కడత. నా ఇంటి ముచ్చట మీకెందుకు?” అన్నది. ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు. చదువు రాని తల్లిని నలుగురి ముందట అట్ల అడిగితే పరీక్ష పెట్టినట్టే ఉంటది. అప్పుడు అడిగే తీరు మార్చినం. బిడ్డనే మీటింగుకు తోలుకరమ్మన్నం. తల్లి సంతకం పెట్టే కాడ పక్కన కూసొని, పొదుపు పుస్తకంల తల్లి పేరు, పైసల అంకె పిల్లనే చదివి చెప్పాలె. కోపానికి వచ్చిన అక్క బిడ్డ నాలుగో తరగతి. తల్లి అప్పు ఎంత మిగిలిందో తీసివేత చేసి చెప్పింది. బుక్‌కీపర్ లెక్కల వంద రూపాయలు తప్పు కూడా పట్టింది. ఆ అక్క ఇప్పుడు మీటింగుకు అందరికంటే ముందు వస్తది.

లెక్కలు ఇండ్లల్లనే ఉన్నయని అప్పుడు సమజయింది. మనిషికి 12 కిలోలైతే ఐదుగురికి ఎన్ని కిలోలు? నలభై కిలోల వడ్ల బస్తాలు ఎన్నైతే క్వింటా? రెండున్నర అనేసరికి అర అంటే ఏందో మూడో తరగతోళ్ళకు తెలిసింది. చిన్నోళ్ళకు చింతగింజలు, అష్టాచెమ్మ గవ్వలు. సోలెడు, మానెడు కొలిచి చూసుడు. బతుకమ్మ పేర్చేటప్పుడు ఒక్కొక్క వరసకు తంగేడు కట్టలెన్ని పట్టినయో లెక్కబెట్టించినం. పక్కింటి ఇంటర్ చదివే పిల్లలు ఇద్దరు సాయంత్రం ఒక గంట వచ్చేటోళ్ళు. ఒక అరుగు మీద ఐదుగురికి మించకుండ, మూతికి గుడ్డ కట్టి కూసోబెట్టినం. బడి సార్లు కూడా వర్క్‌షీట్లు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిండ్రు, అది చెప్పకుంటే పాపం. చదువు రాని అవ్వలు శాత్రాలు చెప్పిండ్రు. విన్న శాత్రాన్ని పిల్లలు తెల్లారి నాలుగు లైన్లు రాయాలె. ఆ నోటుబుక్కులు ఇప్పటికీ మా కాడ ఉన్నయి.

2021 వేసవి మాత్రం చానా కష్టమైంది. మా వాడల వారంల రెండు చావులు. అంబులెన్సు సప్పుడు వింటే పిల్లలు లోపలికి ఉరికేటోళ్ళు. ఒక ఏడేండ్ల పిల్ల మళ్ళీ పక్క తడుపుడు మొదలుపెట్టింది. తల్లి సిగ్గుతోని కొట్టింది. మేమంతా అట్లనే కొట్టేటోళ్ళం, ఆమె ఒక్కతే కాదు. ఏఎన్‌ఎం అక్క చెప్పింది, అది భయంతోని వస్తది, కొడితే ఎక్కువైతదని. పిల్ల నోరు తెరిచి అడిగింది: “నువ్వు కూడా పోతవా అమ్మా?” దానికి జవాబు ఏం చెప్పాలె? మీటింగుల దీని మీదనే చానాసేపు మాట్లాడుకున్నం. పోను అని ఒట్టు పెట్టుడు తప్పనిపించింది. జాగ్రత్తగా ఉంటున్న, టీకా వేయించుకుంట, నీ పక్కనే పండుకుంట అని చెప్పమన్నం. ఆ తల్లి నెల రోజులు టీవీల వార్తలు పెట్టలేదు. పిల్ల కుదుటపడ్డది.

ఇగ చెప్పబుద్ధి కాని ముచ్చట చెప్తం. 2020 పత్తి ఏరే కాలంల కిలోకు ఇంత అని కూలి. బడి లేదు, ఇంట్ల ఒక్కర్ని ఎట్ల ఇడిచిపెట్టాలె అని పిల్లల్ని చేన్లకు తీసుకపోయినం. తీసుకపోయినంక ఖాళీగ కూసుంటరా? సంచి కట్టినం. మాలో ఏడుగురు తల్లులం ఈ పని చేసినం. ఐదో తరగతి పిల్ల ఒకతి మస్తు ఏరింది, ఆ పైసలతోని ఇంట్ల సామాను వచ్చింది. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిస్తే ఆ పిల్ల పోనన్నది. మర్చిపోయిన, నవ్వుతరు అన్నది. గ్రూపు నుంచి ముగ్గురం పోయినం. తండ్రి, “చేనుకు తీస్కపోయినప్పుడు మీరు వద్దన్నరా?” అన్నడు. మా కాడ మాట లేదు. నాలుగుసార్లు తిరిగినంక, హెడ్‌సార్ కూడా ఇంటికి వచ్చినంక పిల్ల బడికి పోయింది. మొదటి వారం తల్లి గేటు దాకా రోజూ పోయింది.

ఒకటో తరగతి పూర్తిగాక ముందే బడి ఇడిచిన పిల్లలు బడులు తెరిచినంక మూడో తరగతిల కూసున్నరు. ఒకటో తరగతి అసలు చూడకుండ రెండోదానికి పోయినోళ్ళు ఉన్నరు. మా ఊర్ల మేము చదివించి చూస్తే మా పిల్లల్ల నలుగురికి ఇంకా ఒత్తులు రావు. వాళ్ళల్ల ఒకడు లీడరు కొడుకే. ఆదివారం పొద్దుగాల గ్రామ సంఘం ఆఫీసుల కూసోబెడుతున్నం.

పత్తి మళ్ళీ పగులుతున్నది. మా గ్రామ సంఘంల తీర్మానం రాసుకున్నం: ఏ సభ్యురాలు బడి రోజున పిల్లను చేనుకు తీసుకపోవద్దు. బడి లేని చిన్నోళ్ళను ఇద్దరు ముసలవ్వలు చూసుకుంటరు, ఆ రోజు పత్తికి పోయిన ప్రతి తల్లి వాళ్ళకు పది రూపాయలియ్యాలె. తీర్మానం మీద పన్నెండు మందిలో పదకొండు సంతకాలే ఉన్నయి. మిగిలిన అక్క ఇంటికి వచ్చే బుధవారం పోతున్నం.