మెడపట్టీ మీద పాత నంబరు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు మనుషులతో పాటు పెంపుడు జంతువులూ చిక్కుల్లో పడ్డాయి. పటమటలో అయితే వరదే రానక్కర్లేదు. దీపావళి టపాకాయ ఒక్కటి పేలితే చాలు, బెదిరిన కుక్క గేటు దాటి బందరు రోడ్డెక్కుతుంది.

తప్పిపోయిన కుక్క దొరికినవాళ్లు ముందు చూసేది మెడపట్టీనే. దాని బిళ్ల మీద నంబరు ఇప్పటిదేనా? సిమ్ మార్చినవాళ్లకు బిళ్ల మార్చాలని తట్టదు.

చర్మం కింద పెట్టే మైక్రోచిప్ బియ్యపు గింజంత. అందులో బ్యాటరీ ఉండదు, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. స్కానర్ పెడితే 15 అంకెల సంఖ్య చూపిస్తుంది, అంతే. ఆ సంఖ్యతో నమోదైన ఫోను, చిరునామా పాతవైతే చిప్ ఉన్నా లేనట్టే. ఏటా రేబిస్ టీకాకు వెళ్తారుగా, అప్పుడే స్కాన్ చేయించి వివరాలు సరిచూసుకోండి.

ఒంటి మచ్చలు కనిపించే కొత్త ఫొటో కూడా ఉంచుకోండి. కుక్కపిల్లప్పటి ముద్దు ఫొటోతో వెతికేవాళ్లు పోల్చుకోలేరు.