తలనొప్పి ఎలా మొదలైందో అడగండి



ఈ రోజు పట్టాలందుకుంటున్న యువ వైద్యులారా, ఇకపై మీ ఓపీకి తలనొప్పి అంటూ రోజూ ఎవరో ఒకరు వస్తారు. చాలామందికి ప్రాణాపాయం ఉండదు. ఎప్పుడో ఒకరికి మాత్రం మెదడులో రక్తనాళం గోడ పల్చబడి, బుడగలా ఉబ్బి, చిట్లి ఉంటుంది. అన్యూరిజం అని మీరు చదివింది అదే. ఆ ఒక్కరిని మీరు జారవిడవకూడదని నా తాపత్రయం.

నొప్పి ఎంతుందని అందరం అడుగుతాం. ఎంతసేపట్లో అంతకు పెరిగిందో కూడా అడగండి. మైగ్రేన్ సాధారణంగా మెల్లగా ముదురుతుంది. అన్యూరిజం చిట్లినప్పటి నొప్పి క్షణాల్లో, మహా అయితే నిమిషంలో భరించలేనంత అవుతుంది. వాంతులు, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం తోడవచ్చు. మాత్రతో తగ్గిందని ఇంటికి పంపేయకండి. పెద్ద రక్తస్రావానికి కొన్ని రోజుల ముందు చిన్నగా కారి, ఇలాగే హెచ్చరించడమూ ఉంది. వయసు చూసి కూడా మోసపోవద్దు. నటి ఎమీలియా క్లార్క్‌కు 2011లో లండన్ జిమ్‌లో ఇలా అన్యూరిజం చిట్లినప్పుడు 24 ఏళ్లే.

ఉన్నట్టుండి ఒక కనురెప్ప వాలి, ఆ కంటిపాప పెద్దదైతే కళ్లజోడు కోసం పంపకండి. ఉబ్బిన నాళం నరాన్ని నొక్కుతుండవచ్చు. అదే రోజు స్కాన్ కావాలి.

బీపీ, పొగ, రక్తసంబంధీకుల్లో ఇద్దరికి ఈ జబ్బు, కిడ్నీల్లో వంశపారంపర్యపు నీటితిత్తులు: ఇవి ముప్పు పెంచుతాయి. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. అయినా పొగ సంగతి మగవాళ్లనే అడుగుతాం! ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలున్నారు. వాళ్లనూ అడగాలి, మర్యాదగా. ఇక ఇలాంటి ఉబ్బే పొట్టలోని మహాధమనికీ రావచ్చు; అది 65 దాటిన, పొగ తాగిన మగవాళ్లలో ఎక్కువ. ఒక్క అల్ట్రాసౌండ్‌తో అది బయటపడుతుంది. ఐన్‌స్టీన్ 1955లో అది చిట్లే చనిపోయారు.

అలాగని జనాన్ని భయపెట్టకండి. నూటికి సుమారు ముగ్గురి మెదడులో ఇలాంటి ఉబ్బు ఉంటుంది, ఎక్కువ మందికి ఎన్నడూ చిట్లదు. బీపీ అదుపు, పొగ మానడం గురించి మాత్రం ప్రతిసారీ చెప్పండి, విసుక్కోకుండా.

మీలో చాలామంది న్యూరోసర్జన్ లేని ఊళ్లకు వెళతారు. అనుమానం వస్తే పెద్దాసుపత్రికి ముందే ఫోన్ చేసి, 108లో పంపండి. నొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసిన సీటీలో రక్తస్రావం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. ఆలస్యమైతే సీటీ మామూలుగా ఉన్నా నడుము నుంచి నీరు తీసో, యాంజియో చేసో చూడాల్సి రావచ్చు. కాబట్టి రిఫరల్ చీటీలో నొప్పి మొదలైన సమయం గంటా నిమిషాలతో రాయండి.