ఉల్లేఖన సంఖ్యయు – పరిశోధన ప్రయోజనమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన విద్యానిధినుండి సాహాయ్యము గోరు పరిశోధక విద్యార్థుల దరఖాస్తులలో నొక క్రొత్త యంకె కానవచ్చుచున్నది. తమ వ్యాసములను తరువాతి పండితులు తమ వ్రాతలయందు ఎన్నిమారులు ప్రమాణముగా బేర్కొనిరో తెలుపు ఉల్లేఖన సంఖ్య యది. 1960వ దశకమున అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ఇట్టి యుల్లేఖనముల సూచికను ప్రకటింప నారంభించెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు పరిశోధకుని కృషినంతయు నొక్క యంకెలో నిముడ్చు మార్గమును జూపెను. ఒకని వ్యాసములలో ఇరువది వ్యాసములు ఒక్కొక్కటి కనీసము ఇరువదిమారులు పేర్కొనబడెనేని వాని యంకె ఇరువది యగును.

ఈ లెక్క నిరర్థకమని నేననను. అయినను అది దేనిని గొలుచునో, దేనిని గొలువజాలదో యెఱుంగుట దాతలకు విధి. ఇందులకు శ్వాసకోశవ్యాధుల పరిశోధకుడగు వాలెస్ ఫాక్స్ కృషి చక్కని నిదర్శనము.

ఫాక్స్ (1920–2010) ఆంగ్లేయ వైద్యుడు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి చెన్నపట్టణమున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును నెలకొల్పగా, ఆయన యందు బనిచేయుటకు వచ్చెను. అప్పటికి క్షయకు చికిత్స యనగా శానిటోరియమే. విశ్రాంతి, పుష్టికరమగు నాహారము, మంచిగాలి ముఖ్యములని వైద్యుల నమ్మకము. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము పేరు తెలుగువారెల్ల రెఱిగినదే. కాని రోగులు లక్షలు, మంచములు కొలది. మంచము దొరకినను కూలివాడు నెలలతరబడి పని మానినచో నింట పొయ్యి వెలుగుటెట్లు?

1952 నాటికి ఐసోనియాజిడ్ అను మాత్ర వాడుకలోనికి వచ్చెను. మందు నింటియొద్దనే యిచ్చినచో రోగము కుదురునా, ఇంటిల్లిపాదికి నది సోకునా అనునవి చెన్నపట్టణపు కేంద్రమువారు చేపట్టిన ప్రశ్నలు. వారు నగరమందలి బీదరోగులను 193 మందిని దీసికొని, ఎవరిని ఇంటనుంచవలెనో, ఎవరిని శానిటోరియమునకు బంపవలెనో యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. ఇరువురకును ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పి.ఏ.యస్. అను మందులనే యిచ్చిరి. ఇంటనున్నవారు ఇరుకుగదులలో, తక్కువ తిండితో, అనేకులు పనిచేసికొనుచు గడపిరి. ఏడాది చివర శానిటోరియమువారిలో నూటికి 92 మందికిని, ఇంటివారిలో నూటికి 86 మందికిని రోగము శమించెను. అయిదేండ్లు కనిపెట్టి చూచినను ఇంటివారు వెనుకబడలేదు. వారి కుటుంబములలోనివారికి రోగము హెచ్చుగా సోకనులేదు. 1959లో వెలువడిన ఈ నివేదిక లోకమందలి క్షయ చికిత్సా విధానమునే మార్చెను.

పిమ్మట, ఒంట్లో బాగుపడగానే రోగులు మందు మానుచున్నారని మూత్రపరీక్షలవలన తెలియగా, వారమునకు రెండుమార్లు సిబ్బంది యెదుటనే మందిచ్చు పద్ధతిని ఆ కేంద్రమువారే పరీక్షించి 1964లో ఫలితములను ప్రకటించిరి. 1990వ దశకమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించిన ప్రత్యక్ష పర్యవేక్షణ చికిత్సకు మూలములలో నిది యొకటి. ఫాక్స్ స్వదేశము చేరి, తూర్పు ఆఫ్రికా దేశముల వైద్యులతో జరిపిన పరీక్షలు, ఏడాదిన్నర పట్టు చికిత్సను ఆఱునెలలకు దింపవచ్చునని చూపినవి. వానిలో మొదటిది 1972లో ప్రకటితమాయెను.

ఇక మన లెక్కకు వత్తము. 1959 నాటి నివేదికకు కర్తగా ఫాక్స్ పేరు లేదు. కేంద్రము పేరే కలదు. 1972 నాటి దానికిని వైద్య మండళ్ల పేరులే కర్తలు. వ్యక్తుల పేరులతో వెదకు సూచికలో ఆయన జీవితములోని మేలిపనియే ఆయన ఖాతాలో జమపడకుండ బోవును. సమష్టికృషిని సమష్టి పేరనే ప్రకటించుట ఆ పరిశోధకుల మర్యాద. మఱియొకటి: ఒక సత్యము లోకవ్యవహారమైన పిదప దాని మూలమును బేర్కొనువా రుండరు. రాబర్ట్ మెర్టన్ అను సామాజికశాస్త్రజ్ఞు డీ సంగతిని విశదీకరించియున్నాడు. నేడు క్షయరోగికి మాత్రలిచ్చి యింటికి బంపు వైద్యుడు ఆ 1959 నివేదికను దలచునా? తలపకున్నను ఆ మార్గముననే నడచుచున్నాడు.

కావున విద్యానిధి పెద్దలకు నా మనవి: అంకెను జూడుడు, దానితో నాగకుడు. ఈ పరిశోధన యే ప్రశ్న నడుగుచున్నది, ఎవరి కష్టమును దీర్పగలదు, తోడివారి శ్రమకు గౌరవమిచ్చుచున్నదా అనియు విచారింపుడు. అంకె చిన్నదని యోగ్యుని ద్రోసిపుచ్చకుడు.

కుటుంబ పెద్దలకు మఱియొక మనవి. ప్రపంచమందలి క్షయరోగులలో సుమారు నాలుగవవంతు నేటికిని మన దేశముననే యున్నారు. అయినను సంబంధములు చెడునను భయముచే మన యిండ్లలో ఈ రోగమును దాచుచున్నారు. రోగిని వెలివేయ నక్కఱలేదని చెన్నపట్టణపు బీదల యిండ్లలోనే రుజువై అఱువది యేండ్లు దాటినది. రెండువారములకు మించి దగ్గున్నచో కఫపరీక్ష చేయింపుడు. ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితము. చెప్పిన కాలము మానక వాడింపుడు. కుదిరిన పిల్లకు పెండ్లి తప్పింపకుడు. మన సంఘమున నొక్క కుటుంబమైనను ఈ మాట నాలకించి రోగమును దాచుట మానినచో, నేటి నా ప్రసంగము సార్థకమగును.