వేడినీటి ఊటలు



కృష్ణ సముద్రమున గలియు చోట నివసించు మనకు నీటికి కొఱత లేదు. కార్తిక పౌర్ణమికి బందరు ప్రక్కనున్న మంగినపూడిలోను, మాఘ పౌర్ణమికి హంసలదీవి సంగమము కడను వేలకొలది జనులు స్నానమాడుదురు. అయినను గుడివాడ ప్రాంతమున గాని, దివిసీమలో గాని తనంతట వేడిగా ఉబుకు ఊట మనకు కానరాదు. అట్టి ఊటను చూడగోరువారు భద్రాచలము దారి పట్టవలెను.

బందరునుండి గుడివాడ, హనుమాన్ జంక్షను, నూజివీడు, విస్సన్నపేట, సత్తుపల్లి, కొత్తగూడెముల మీదుగా మోటారుపై పోవచ్చును. గుడివాడ దాటువఱకు వరిచేలు, చేపల చెఱువులు కనబడును. నూజివీడు చేరునప్పటికి నేల యెఱ్ఱబాఱి మామిడితోటలు వచ్చును. సత్తుపల్లి మొదలుకొని బొగ్గుగనుల సీమ. ఈ బొగ్గునకును ఆ వేడినీటికిని చుట్టఱికము కలదు.

కోట్ల సంవత్సరముల క్రిందట గోదావరి లోయ వెంబడి భూమి పగిలి, నడిమి భాగము దిగబడినది. ఆ పల్లమున చేరిన ఇసుకయు మన్నును రాతిపొరలైనవి. చెట్లు చేమలు బొగ్గైనవి. నాటి పగుళ్లు నేటికిని నిలిచియున్నవి. వాననీరు వాని వెంట లోతునకు దిగును. సామాన్యముగా కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీల వఱకు వేడి హెచ్చును. అట్లు కాగిన నీరు మఱియొక పగులు వెంట పైకి వచ్చును. దీనికి అగ్నిపర్వత మక్కఱలేదు. మణుగూరు ప్రాంతమున పగిడేరు కడ బోరుబావినుండి వచ్చు వేడినీటితో సింగరేణి సంస్థ 2020 తరువాత 20 కిలోవాట్ల ప్రయోగ విద్యుత్కేంద్రమును నెలకొల్పినది.

మఱి మన నేల క్రింద వేడి లేదా? కలదు. నాగాయలంక ప్రాంతమున చమురునకై వేల మీటర్ల లోతునకు త్రవ్విన బావులలో తీవ్రమైన వేడిమియు, పీడనమును ఎదురైనవి. అయితే దళసరి బంకమట్టి పొరలు కుండపై మూతవలె దానిని పైకి రానీయవు.

భద్రాచలమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున గుండాల యను గ్రామము కలదు. భద్రాచలము తెలంగాణములో నున్నను, ఈ గ్రామము 2014లో ఆంధ్రప్రదేశమున చేరినది. ఇచ్చట గోదావరి యొడ్డున ఇసుకలో గుంట త్రవ్వినచో వేడినీరు ఊరును. త్రిమూర్తులు చలికాలమున ఇందు స్నానమాడిరని స్థానికుల విశ్వాసము. మనకును చలికాలమే తగిన సమయము. వఱదలలో ఒడ్డు మునిగిపోవును.

కీళ్లనొప్పులు గలవారు ఇట్టి నీటిని ఆశతో వెదకుదురు. వెచ్చదనమువలన కండరములు సడలి నొప్పి కొంత తగ్గుట నిజమే. కాని వ్యాధి పోయినదని మందు మానరాదు. మధుమేహమున పాదములు తిమ్మిరి పట్టినవారికి చర్మము కాలుచున్నను తెలియదు. వారు పాదము మోపకముందు ఇతరులచేత నీటిని పరీక్షింపజేయవలెను. గుండెజబ్బు గలవారు, గర్భిణులు వైద్యు నడుగక దిగరాదు. ఒడలికి హాయిగా తోచు వెచ్చదనములోనైనను పావుగంటకు మించి కూర్చుండుట మంచిది కాదు. తల ముంచరాదు. వెచ్చని నీటిలో పెరుగు ఒకజాతి సూక్ష్మజీవి ముక్కుగుండ మెదడునకు ప్రాకినచో ప్రాణాపాయము. ఆ వ్యాధి అరుదు, బ్రదికినవారు మఱియు అరుదు. వేడి తాళలేక ప్రక్కనున్న గోదావరిలోనికి తెలియని చోట దిగుటయు ప్రమాదమే.

ఇసుకగుంట చిన్నది, వచ్చువారు పెక్కుమంది. అందు సబ్బు వాడక, బట్టలుతుకక, మన వెనుక వచ్చు ముదుసలికి శుభ్రమైన నీరు మిగుల్చుట మన విధి. ఈ శీతకాలమున భద్రాద్రి రాముని సేవింపబోవువారు మఱియొక గంట గుండాలకు కేటాయింతురుగాక.