పిట్టగోడ కూడా ఒక అమానతే

 



నేటి ప్రసంగాంశం మన మేడల మీది పిట్టగోడ. ఇటుక, సిమెంటుల మాట మింబరు మీద ఎందుకని మీకు అనిపించవచ్చు. కాని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఈ విషయమై సమాజాన్ని హెచ్చరించారు. అడ్డు లేని ఇంటికప్పు మీద రాత్రి నిద్రించే వ్యక్తిపై రక్షణ బాధ్యత తొలగిపోతుందన్న భావంతో ఆయన చేసిన ప్రవచనం, హజ్రత్ అలీ బిన్ షైబాన్ (రజి) ఉల్లేఖనంగా, సుననె అబూ దావూద్‌లో ఉంది.

దాసులందరూ అల్లాహ్ రక్షణలో ఉంటారు. తెలిసి తెలిసి అపాయంలోకి వెళ్ళేవాడు ఆ రక్షణను తానే వదులుకుంటాడని వ్యాఖ్యాతలు వివరించారు. ఆ అడ్డుకు హదీసు పాఠాలలో ‘హిజార్’ అనీ, ‘హిజా’ అనీ పదాలున్నాయి. ‘హిజా’ అంటే బుద్ధి. బుద్ధి మనిషిని వినాశనం అంచున ఎలా ఆపుతుందో, గోడ కప్పు అంచున అలా ఆపుతుంది.

సోదరులారా! మన వీధులను ఒకసారి గమనించండి. పై అంతస్తు తర్వాత వేద్దామని స్తంభాల చువ్వలు అలాగే వదిలి, పిట్టగోడ కట్టకుండానే కాపురం పెడతాము. ఆ డాబా మీదే ఆడవారు బట్టలు ఆరవేస్తారు, పిల్లలు గాలిపటం వైపు చూస్తూ వెనక్కి నడుస్తారు, వేసవి రాత్రులు ఇంటిల్లిపాదీ నిద్రిస్తారు.

మన దేశపు భవన నియమావళి కప్పు అంచునా, బాల్కనీకీ కనీసం ఒక మీటరు ఎత్తు గోడో రెయిలింగో ఉండాలంటుంది. అమెరికాలో మన పిల్లలు నివసించే ఇళ్ళకు ‘డెక్’ అనే చెక్క వసారాలుంటాయి. అక్కడి నమూనా నియమావళి ప్రకారం డెక్ నేలకు 30 అంగుళాలకు మించి ఎత్తులో ఉంటే 36 అంగుళాల రెయిలింగు తప్పనిసరి. కమ్మీల మధ్య 4 అంగుళాల బంతి దూరరాదు. పసిబిడ్డ తల అందులో దూరకూడదన్నదే ఉద్దేశం. 30 అంగుళాలంటే భోజనాల బల్ల ఎత్తు. అంతమాత్రం ఎత్తుకే అక్కడ అడ్డు కావాలంటే, మూడో అంతస్తు మీద మనం నిశ్చింతగా ఎలా ఉండగలము?

బిడ్డ పడిపోయాక “తఖ్దీర్‌లో ఇలా రాసి ఉంది” అంటాము. తఖ్దీర్‌ను విశ్వసించడం ఈమాన్‌లో భాగం, సందేహం లేదు. కాని ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టు, తర్వాత భారం వేయి అన్న ఉపదేశమే లభించింది. గోడ కట్టడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అది తవక్కుల్‌కు తొలి మెట్టు.

ఇళ్ళు అద్దెకిచ్చే సోదరులు మరింత శ్రద్ధగా వినాలి. దారి వైపు ఒరిగిన గోడను తొలగించమని కోరిన తర్వాత, వీలుండీ యజమాని ఉపేక్షిస్తే, అది కూలి కలిగే ప్రాణనష్టానికీ ఆస్తినష్టానికీ అతడే బాధ్యుడని హనఫీ ఫిఖహ్ గ్రంథం ‘హిదాయా’ చెబుతుంది. ఆ తీర్పు ఒరిగిన గోడ గురించినది. కాని “రెయిలింగు ఊగుతోంది” అని అద్దెకున్నవారు చెప్పినప్పుడు “వచ్చే నెల చూద్దాం” అనే యజమాని, అల్లాహ్ సన్నిధిలో ఏమని జవాబిస్తాడో ఆలోచించుకోవాలి.

కనుక నమాజు ముగిశాక మీ మేడ ఎక్కండి. గోడ ఎత్తు కొలవండి. రెయిలింగును గట్టిగా ఊపి చూడండి. తుప్పు పట్టిన చోట వెల్డింగు చేయించండి. పిల్లలు ఎక్కడానికి వీలిచ్చే కుర్చీలు, డ్రమ్ములు, సిమెంటు బస్తాలు గోడ దగ్గర నుండి తీసివేయండి. గోడ కట్టేవరకు మేడ తలుపుకు తాళం వేయండి. స్తోమతు లేని పొరుగువారి గోడకు నాలుగు ఇటుకలు ఇవ్వడం కూడా సదఖాయే. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడినట్లేనన్నది సూరా మాయిదా బోధ.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను, మా సంతానాన్ని ఆపదల నుండి కాపాడు. మాకు అప్పగించిన అమానతులను నెరవేర్చే బుద్ధినీ శక్తినీ ప్రసాదించు. ఆమీన్.