వాగులో ఏ చేప ఉండాలో ఎవరు చెప్పాలి?



ఇయ్యాల మీకు ఒక చేప సంగతి చెప్తా. అమెరికాలో అరిజోనా కొండల్లో వైట్ మౌంటెన్ అపాచీ తెగవాళ్లు ఉంటారు. వాళ్ల వాగుల్లో పుట్టిన చేప అపాచీ ట్రౌట్. గాలం వేసేవాళ్ల సరదా కోసం ఆ నీళ్లలో బయటి రెయిన్‌బో ట్రౌట్‌ను వదిలారు. రెండూ జతకట్టాయి, సంకరం పిల్లలు పుట్టాయి. వాగులో చేపలు కనపడుతూనే ఉన్నాయి, అసలు జాతి మాత్రం కరిగిపోతోంది.

తెగవాళ్లు ఊరుకోలేదు. 1950లలోనే ఆ వాగుల్లో చేపల వేట ఆపేశారు. తర్వాత ప్రభుత్వ శాఖలతో కలిసి బయటి చేప ఎక్కకుండా అడ్డుకట్టలు కట్టారు, పైనున్న వాటిని ఏరేశారు, అసలు జాతిని మళ్లీ వదిలారు. 1967లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కిన చేప 2024లో అందులోంచి బయటపడింది.

మరి మనం? మన కుంటల్లో మార్పు చేప ఉంది. దేశంలో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దానికి దగ్గరి జాతే. రెండింటినీ కలిపితే సంకరం పుడుతుంది. చెరువు తెగితే అది వాగెక్కదా?

1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద సామూహిక హక్కును గుర్తించింది. కాబట్టి చేపపిల్లల బండి ఊళ్లోకొస్తే అడగండి: ఏం జాతి? ఎక్కడి నుంచి తెచ్చారు? గ్రామసభను అడిగారా?

మన చేపే లేకుండా పోయాక, చేప మీద హక్కు కాగితం ఏం చేసుకుంటాం?

జై ఆదివాసీ!