సూది ఎవరి చేతిలో ఉంది?

(మిరప కోతలు అయిపోయాక పల్లెలో అంబేడ్కర్ బొమ్మ దగ్గర జరిగిన ఆరోగ్య సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



మన పల్లెల్లో సూది అంటే ఇంజక్షను. ఒళ్లు నొప్పులొస్తే "పోయి ఓ సూదేయించుకొస్తా" అంటాం. నాట్లేసి నాట్లేసి నడుం పడిపోయిన ఆడాళ్లు, బస్తాలు మోసి మెడ పట్టేసిన మగాళ్లు సూది పడితేగానీ మళ్లీ పనికి లేవలేకపోతున్నారు. ఇవాళ మేం మాట్లాడబోయేది ఆ సూది గురించి కాదు. లోపల మందు లేని సూది గురించి. దాన్ని ఆక్యుపంక్చర్ అంటారు. చైనా వైద్యం.

ఇప్పుడీ చైనా గొడవ మనకెందుకు అని అడుగుతారేమో. టౌనులో సూదుల క్యాంపులు పెడుతున్నారు. మోకాళ్ల నొప్పి, షుగరు, పక్షవాతం, అన్నీ సూదులతోనే పోతాయని కరపత్రాలు పంచుతున్నారు. మనవాళ్లు ఆటోలు మాట్లాడుకుని మరీ పోతున్నారు. పోయినవాళ్లని తిట్టడానికి ఈ సభ పెట్టలేదు. నొప్పి ఉన్నోళ్లు పోతారు.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. మా బృందంలో ఒకతని తల్లి, అరవై ఏళ్ల మనిషి, జీవితమంతా కూలికెళ్లింది. మోకాళ్ల నొప్పులకి ఆమెని అలాంటి క్యాంపుకి తీసుకుపోయింది మేమే. నాలుగు వారాలు సూదులు పొడిపించుకుంది. నొప్పి తగ్గింది. తగ్గిందని ఆమే చెప్పింది, మేం అబద్ధం చెప్పం. అయితే ఆ క్యాంపులో ఆయన "ఇంక షుగరు బిళ్లలు కూడా మానెయ్యమ్మా, సూదులే చూసుకుంటాయి" అన్నాడు. ఆమె మానేసింది. మేం పక్కనే ఉన్నాం, అడ్డం పడలేదు. ఇంగ్లీషు మందులంటే మాకూ కోపమే కదా, కంపెనీల దోపిడీ గురించి మేమే ఉపన్యాసాలు ఇస్తిమి కదా. మూడో నెలలో కాలికి చిన్న పుండు లేచింది. అది మానలేదు. పెద్దాసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మోకాళ్ల నొప్పి తగ్గింది, కాలివేళ్లు పోయినయ్. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే మేం కూచుని చదివాం. చదివింది మీ ముందు పెడుతున్నాం.

ఈ వైద్యం ఏమిటి?

చైనాలో ఇది రెండు వేల ఏళ్ల నాటి విద్య. ఒంట్లో 'చీ' అనే శక్తి పద్నాలుగు దారుల్లో పారుతుందని, ఆ దారుల మీద 361 చోట్ల సన్నటి సూది గుచ్చితే అడ్డు తొలిగి జబ్బు నయమవుతుందని వాళ్ల పుస్తకాలు చెబుతాయి. మనిషిని కోసి చూస్తే ఆ దారులు ఎవరికీ కనిపించలేదు. ఆ మాట కూడా చెప్పాలి.

చైనాలో అందరూ దీన్ని నెత్తిన పెట్టుకున్నారని అనుకోకండి. 1822లో అక్కడి చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలలో సూదుల వైద్యాన్ని ఆపించేశాడు. 1929లో అప్పటి ప్రభుత్వం పాత వైద్యాన్నే ఎత్తేయాలని చూసింది, వైద్యులు తిరగబడితే వెనక్కి తగ్గింది. 1950ల్లో మావో ప్రభుత్వం దాన్ని మళ్లీ నిలబెట్టింది. దేశం నిండా రోగాలు, చదువుకున్న డాక్టర్లు పిడికెడు మంది. ఉన్న విద్యనంతా వాడుకోక తప్పని పరిస్థితి. మావో మాత్రం తనకి జబ్బు చేస్తే పాత వైద్యం చేయించుకునేవాడు కాదని ఆయన సొంత డాక్టరే తర్వాత పుస్తకంలో రాశాడు. నాయకుడు జనానికి ఏ మందు చెబుతున్నాడో, తాను ఏ మందు మింగుతున్నాడో, రెండూ చూడాలి.

మన దేశానికి ఇది వచ్చిన దారి మంచి దారే. 1938లో జపాను దాడిలో నలిగిపోతున్న చైనాకి మన దేశం ఐదుగురు డాక్టర్లని పంపింది. షోలాపూర్ బిడ్డ కోట్నీస్ అక్కడే పనిచేస్తూ 1942లో చనిపోయాడు. వాళ్లలో బెంగాల్ డాక్టరు బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1958లో మళ్లీ చైనా వెళ్లి సూదుల వైద్యం నేర్చుకుని, 1959 నుంచి కలకత్తాలో మొదలుపెట్టాడు.

ముట్టుకునే చెయ్యి

చైనా వైద్యుడు ముందు రోగిని చూస్తాడు. మాట వింటాడు, ఊపిరి వింటాడు. అడుగుతాడు. ఆఖరికి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నాడి పట్టుకుంటాడు, ఆ చెయ్యీ ఈ చెయ్యీ రెండూ. అంటే తాకకుండా ఈ వైద్యం లేదు.

ఈ మాట చదివినప్పుడు మాకు బాబాసాహెబ్ తన జ్ఞాపకాల్లో ఎత్తి చూపిన ఒక సంగతి గుర్తొచ్చింది. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా' పత్రికలో అచ్చయిన ఉత్తరం అది. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. భార్య బిడ్డని కన్నది, జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలితే, రెండు రూపాయలు ఫీజు ఇస్తే వస్తాను, రోగిని వాడ బయటికి తెచ్చి చూపించాలి అన్నాడు. పచ్చి బాలింతని బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు. పంతులు భార్య నోట్లో పెట్టాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి. దీపం వెలుగులో చూసి నిమోనియా అన్నాడు. మందు పంపాడు, మళ్లీ రానన్నాడు. ఆమె చచ్చిపోయింది.

ఆ డాక్టరుకి సైన్సు తెలుసు. థర్మామీటరు కరెక్టుగానే చెప్పింది. చెయ్యే రాలేదు. అందుకే సూదుల క్యాంపులో ఒకాయన మన అమ్మ చెయ్యి పట్టుకుని, పావుగంట కూచుని, "ఎక్కడమ్మా నొప్పి" అని అడిగితే మనసు కరిగిపోతుంది. పెద్దాసుపత్రిలో మొహం చూడకుండా చీటీ రాసి "నెక్స్ట్" అంటున్నారు. ఈ తేడా మనవాళ్లకి తెలుసు. అది మూఢనమ్మకం కాదు, మర్యాద కోసం ఆకలి. ఆ ఆకలి మీదే కొందరు వ్యాపారం చేస్తున్నారు.

బురదకాళ్ల డాక్టర్లు

చైనా నుంచి మనం నేర్చుకోవాల్సింది సూది కంటే సూది పట్టిన చెయ్యి. 1965లో మావో ఆరోగ్య శాఖ మీద మండిపడ్డాడు. ఇది పట్నం దొరల శాఖ, పల్లెకి ఏం చేసింది అన్నాడు. ఆ తర్వాత పల్లెల్లోంచే కుర్రాళ్లని, ఆడపిల్లల్ని ఎంచుకుని కొద్ది నెలలు శిక్షణ ఇచ్చారు. సగం పొద్దు పొలంలో, సగం పొద్దు వైద్యంలో. వరిమడిలో చెప్పుల్లేకుండా దిగేవాళ్లు కాబట్టి బేర్‌ఫుట్ డాక్టర్లు అన్నారు. 1970ల్లో వాళ్లు సుమారు పది లక్షల మంది. సంచిలో సూదులున్నాయి, ఆకులూ వేళ్లూ ఉన్నాయి, టీకాలూ ఉన్నాయి, ఇంగ్లీషు బిళ్లలూ ఉన్నాయి. నీళ్లు కాచుకోమన్నారు, పెంట గుంటలు కప్పించారు, నత్తల నుంచి వచ్చే జబ్బు మీద పోరాడారు. పెద్ద జబ్బయితే పై ఆసుపత్రికి పంపారు.

అంతా స్వర్గమని మేం చెప్పం. అదే దేశంలో 1959 నుంచి 1961 దాకా కరువులో కోట్ల మంది చచ్చిపోయారు. 1980ల్లో కమ్యూన్లు ఎత్తేసేసరికి పల్లె వైద్యం కూలింది. పదింట తొమ్మిది పల్లెల్లో ఉన్న సహకార వైద్యం 1985 నాటికి నూటికి ఐదు పల్లెలకి పడిపోయింది. డబ్బున్నోడికే డాక్టరు అయ్యాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? నిలబెట్టింది సూది మహిమ కాదు. మనిషి పల్లెలో ఉండటం, ఆ మనిషికి కూలి గిట్టటం.

మన దగ్గర మంత్రసాని లేదా? ఊళ్లో అన్ని కులాల బిడ్డల బొడ్డు కోసింది మన అవ్వలు, మంగలి అవ్వలు. కాన్పు అయ్యేదాకా ఆ చెయ్యి కావాలి, అయ్యాక ఆ చెయ్యి మైల. ఆ విద్యని ఎవరూ కూచోబెట్టి అడగలేదు, ఇందులో ఏది మంచిది, ఏది చెడ్డది అని తేల్చలేదు. తీసి పక్కన పారేశారు.

నల్లోళ్ల ఆసుపత్రి

ఇంకో కథ అమెరికాది. న్యూయార్కులో సౌత్ బ్రాంక్స్ అనే పేట, నల్లజాతి వాళ్లు, పోర్టోరికో వాళ్లు ఉండేది. పేటంతా హెరాయిన్ మత్తు. 1970 నవంబరులో యంగ్ లార్డ్స్ కుర్రాళ్లు, బ్లాక్ పాంథర్లు, ఇంకా కొందరు కలిసి అక్కడి లింకన్ ఆసుపత్రిలో ఒక భాగం ఆక్రమించి మత్తు మాన్పించే కేంద్రం పెట్టారు. 1972లో బొంబాయిలో మన దళిత్ పాంథర్లు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ పాంథర్లే. మత్తుకి మందుగా సర్కారు ఇచ్చే మెథడోన్ ఇంకో మత్తే అవుతోందని గొడవపడి, చెవికి సూదులు గుచ్చితే మత్తు మానేటప్పుడు వచ్చే బాధ తగ్గుతోందని హాంకాంగ్ డాక్టరు వెన్ 1973లో రాసింది చదివి, తామే నేర్చుకున్నారు. డాక్టర్లు కానివాళ్లు, పేట మనుషులు, సూది పట్టారు. 1978లో పోలీసుల్ని పెట్టి వాళ్లని వెళ్లగొట్టారు. చెవిలో ఐదు చోట్ల గుచ్చే ఆ పద్ధతి మాత్రం అమెరికా అంతా పాకింది.

ఇది వింటే మన రొమ్ము ఉప్పొంగుతుంది. ఆగండి. కొకెయిన్ మానేవాళ్ల మీద 620 మందితో పరీక్ష చేసి 2002లో ఫలితం ప్రకటించారు. అసలు చోట గుచ్చినా, ఉత్త చోట గుచ్చినా తేడా రాలేదు. మన అన్నలు చేశారు కాబట్టి పని చేస్తుందనుకోవటం కుదరదు. వాళ్ల పోరాటం నిజం. సూది లెక్క వేరే తేల్చుకోవాలి.

పరీక్షలో తేలింది ఏమిటి?

జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. 2007లో ఫలితం వచ్చింది. సరైన చోట సూది గుచ్చినవాళ్లలో నూటికి 48 మందికి గుణం కనిపించింది. తప్పు చోట పైపైన గుచ్చినవాళ్లలో 44 మందికి. మామూలు మందులూ వ్యాయామం ఇచ్చినవాళ్లలో 27 మందికి. అర్థమైందా? సూది పొడిపించుకున్నవాళ్లు మేలు. ఎక్కడ పొడిచినా దాదాపు అంతే మేలు. తర్వాత ఇరవై వేల మందికి పైగా రోగుల లెక్కలు కలిపి 2018లో చూశారు. దీర్ఘకాలం నొప్పులకి కొంత ఉపయోగం ఉంది, ఉత్తుత్తి సూదికీ అసలు సూదికీ తేడా తక్కువ అని తేలింది. నొప్పికి సాయపడుతుంది, వాంతులు ఆపటంలో సాయపడుతుంది. షుగరు, టి.బి., పాముకాటు, గుండెపోటు వీటి దగ్గర సూదికి పని లేదు.

పాత విద్యంతా బూటకమేనా? కాదు. 1967లో వియత్నాం యుద్ధం రోజుల్లో మలేరియాకి మందు కనిపెట్టమని చైనా ప్రభుత్వం పని మొదలుపెట్టింది. తూ యూయూ అనే ఆవిడ పాత పుస్తకాలు తిరగేసింది. నాలుగో శతాబ్దం నాటి పుస్తకంలో ఒక ఆకుని నీళ్లలో నానేసి పిండుకుని తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి మందు చచ్చిపోతుందేమోనని ఆమెకి తట్టింది. వేడి తగలకుండా తీసింది. 1971లో జంతువుల మీద పనిచేసింది. 1972లో ముందు తానే మింగి చూసింది. 2015లో నోబెల్ ఇచ్చారు. ఆమెకి డాక్టరు డిగ్రీ లేదు. ఇవాళ మన ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియాకి ఇచ్చే బిళ్లలో ఉన్నది ఆ జాతి మందే.

పాతది కాబట్టి నమ్మమంటే, కులం అంతకంటే పాతది, దాన్నీ నమ్మాలి. పాతది కాబట్టి పారెయ్యమంటే మన అవ్వల విద్య కూడా పోతుంది. నానేసి, పిండి, పరీక్ష పెట్టి తీసుకోవాలి.

గుర్తుంచుకోండి

ఒకటి. షుగరు, బి.పి., టి.బి., ఫిట్స్, హెచ్.ఐ.వి. బిళ్లలు ఏ సూది కోసమూ మానొద్దు. మానమన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

రెండు. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే చించాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్లు, హెచ్.ఐ.వి. అంటుతాయి. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లి పడుతుంది.

మూడు. మూతి, చెయ్యి ఒక పక్కకి పడిపోతే అది పక్షవాతం. మొదటి నాలుగున్నర గంటల్లో పెద్దాసుపత్రికి చేరితే రక్తం గడ్డ కరిగించే మందు ఉంది. ఆ గంటల్ని క్యాంపుల దగ్గర పోగొట్టుకోవద్దు.

నాలుగు. పేరు చెప్పని పొడులు మింగొద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గటానికి చైనా మూలికలు తిన్న వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడైనయ్.

ఐదు. "ఎక్కడ నేర్చుకున్నావయ్యా, కాగితం చూపించు" అని అడగండి. 2019లో కేంద్రం ఆక్యుపంక్చర్‌ని వైద్య పద్ధతిగా గుర్తించింది. గుర్తించిన విద్యకి కాగితం ఉండాలి. అడగటం మన హక్కు.

ఆఖరి మాట. నడుం ఎందుకు పడిపోతోంది? వంగి వంగి. ఎవరి చేలో వంగి? సెంటు భూమి లేక, చేసిన కూలికి విశ్రాంతి కొనుక్కోలేక. ఈ నొప్పికి చైనాలోనూ మందు లేదు. పి.హెచ్.సి.లో నొప్పులకి వ్యాయామం నేర్పే మనిషిని పెట్టమని అడుగుదాం. మన పల్లెల్లోంచి వచ్చి ఇంటింటికీ తిరిగే ఆశా అక్కలకి పారితోషికం ముష్టి కాకుండా జీతం ఇమ్మని అడుగుదాం. ఆసుపత్రిలో మనల్ని చెయ్యి పట్టుకుని చూడమని అడుగుదాం. చూడకపోతే ఎందుకు చూడవని నిలబడి అడుగుదాం.

ఆ కాలివేళ్లు పోయిన అమ్మ ఇదిగో ముందు వరసలోనే కూచుని ఉంది. ఈ మాటలు చెప్పమని మమ్మల్ని పంపింది ఆమే.

జై భీమ్.